కర్మాగారమున అందరికిని చోటు

నేటి మా ప్రసంగవిషయము కర్మాగారములకు సంబంధించినది. అయినను ఇది యాజమాన్యములకును, కార్మిక సంఘములకును మాత్రమే పట్టిన విషయము కాదు. కర్మాగారపు జీతముతో పొయ్యి వెలుగు ఇండ్లు మన తెలుగునేలను ఎన్నియో కలవు. కుమార్తెనో, కోడలినో, ఒక కాలు చచ్చుబడిన కుమారునో అక్కడి పనికి పంపవచ్చునా, పంపరాదా అని రాత్రులు ఆలోచించు ఇండ్లును కలవు. ఆ ఇండ్లవారిని దృష్టియందుంచుకొని మేమీ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

పెద్ద సంస్థల వార్షిక నివేదికలలో డైవర్సిటీ, ఇంక్లూజన్ అను రెండు మాటలు ఇటీవల తరచుగ కనబడుచున్నవి. మొదటిదానిని వైవిధ్యమనియు, రెండవదానిని అందరిని కలుపుకొనిపోవుట యనియు తెనిగించుకొనవచ్చును. స్త్రీలు, వికలాంగులు, వెనుకకు నెట్టబడిన కులములవారు, అన్యభాషలవారు, వయస్సు మళ్ళినవారు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, వీరందరును పనిలో ఉండవలెననుట మొదటి మాటకు అర్థము. ఉన్నవారు తక్కినవారితో సమముగ పనిచేయుటకును, పైకి వచ్చుటకును వీలు కలుగవలెననుట రెండవ మాటకు అర్థము. మొదటిదానిని తలలు లెక్కించి తెలిసికొనవచ్చును. రెండవది అంత సులభముగ లెక్కకు అందదు. అందుచేత మొదటిది సాధించి, రెండవదియు సాధించితిమని తృప్తిపడు సంస్థలు కొన్ని కలవు. ఇంటికి వచ్చినవారికి తలుపు తీయుట వేరు, లోపల పీట వేయుట వేరు. ఈ భేదమును గూర్చియే మేము ముఖ్యముగ చెప్పదలచితిమి.

తలుపు మూతపడుట ఎట్లు జరుగునో మొదట చూతము. బొంబాయి నూలుమిల్లుల చరిత్రలో ఇందుకు చక్కని నిదర్శనము కలదు. ఆ మిల్లులలో తక్కిన పెక్కు శాఖలకంటె నేతశాఖలో కూలి ఎక్కువ. కాని అస్పృశ్యులని నాడు పిలువబడినవారికి నేతశాఖలో పని దొరకెడిది కాదు. అందుకు చూపిన కారణము నాడె. నాడెలోని కండెయందు నూలు అయిపోయినప్పుడెల్ల నేతగాడు కొత్త కండెను అమర్చి, నాడెకున్న రంధ్రమునకు నోరు ఆనించి, గాలి పీల్చి నూలుకొసను వెలుపలికి తీయవలెను. ఒకరు నోరు పెట్టినదానిని మరియొకరు ముట్టవలసివచ్చును గనుక, ఆ శాఖలోనికి దళితులు రాగూడదని సవర్ణ కార్మికులు అడ్డుపడిరి. 1928లో బొంబాయి మిల్లులలో గొప్ప సమ్మె జరిగినప్పుడు డాక్టరు అంబేద్కరుగారు ఈ సంగతిని కార్మిక నాయకుల యెదుట పెట్టిరి. మిల్లులోని ప్రతి శాఖయందును పనిచేయు హక్కు అణగారినవారికి ఉండవలెనని వారు పట్టుపట్టిరి.

ఇందు గమనింపదగిన విశేషము ఒకటి కలదు. నోటితో పీల్చు నాడె ఆరోగ్యమునకు హానికరమని అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రము 1911లోనే దానిని నిషేధించియుండెను. నోరు పెట్టనక్కరలేని నాడెలు లోకమున లేకపోలేదు.  మనస్సులోని అంటు ఒక చిన్న కొయ్యముక్కను సాకుగ చేసికొన్నది. కర్మాగారములలో వివక్ష సామాన్యముగ ఇట్లే పనిచేయును. నీవు వలదని అది ముఖము మీద చెప్పదు. ఈ పని నీకు తగదు, ఈ యంత్రము నీకు సరిపడదు అని మాత్రమే చెప్పును.

కొన్నిసార్లు తలుపును మూసినది సదుద్దేశమే. 1919లో వాషింగ్టనులో జరిగిన మొదటి అంతర్జాతీయ కార్మిక మహాసభ, పరిశ్రమలలో స్త్రీలచేత రాత్రిపూట పనిచేయింపరాదని ఒక ఒడంబడికను ఆమోదించినది. ఆనాటి మిల్లుల స్థితిగతులను తలచుకొన్నచో అది అనవసరమని అనజాలము. మన దేశపు 1948నాటి ఫ్యాక్టరీల చట్టము గూడ ఆ మార్గమునే అనుసరించి, రాత్రి 7 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు స్త్రీలను పనిలో ఉంచరాదని శాసించినది. ముప్పదిమందికంటె ఎక్కువమంది స్త్రీలు పనిచేయుచోట పసిపిల్లలకు ప్రత్యేకముగ గది ఉండవలెనని గూడ ఆ చట్టమే చెప్పినది.

ఉద్దేశము మంచిదైనను ఫలితము రెండు విధములైనది. మూడు షిఫ్టులు నడచు కర్మాగారమునకు రాత్రి రాలేని మనిషికంటె ఏ వేళనైనను వచ్చు మనిషియే అనుకూలుడుగ తోచుట సహజము. రాత్రిపూట స్త్రీకి భయము లేకుండ చేయుటకు వీథిలో దీపములు, ఇంటివరకు బండి, పనిచోట కాపలా కావలెను. ఇవన్నియు ఖర్చుతో కూడినవి. ఆమెను ఇంటనే ఉంచుటకు ఖర్చు లేదు. ఆ ఖర్చు లేని మార్గమునే లోకము చాలకాలము రక్షణ అని పిలిచినది.

1974లో టెల్కో అను మోటారు వాహనముల సంస్థ ఇంజనీర్ల కొరకు ఇచ్చిన ప్రకటనలో స్త్రీలు దరఖాస్తు చేయనక్కరలేదని ఉండెను. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో చదువుచున్న ఒక విద్యార్థిని దానిని చూచి కోపగించి, జె.ఆర్.డి. టాటాగారి పేర ఒక పోస్టుకార్డు వ్రాసినది. ఆమెయే నేడు రచయిత్రిగ అందరెరిగిన సుధామూర్తిగారు. ఆ కార్డునకు బదులుగ ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినది. పిదప పూనాలో ఇంజనీరు ఉద్యోగమును వచ్చినది. కాని పోస్టుకార్డు వ్రాయు చదువును, చొరవయు అందరికిని ఉండవు. అందరి కొరకు చట్టమే మారవలెను. స్త్రీలకు రాత్రిపని నిషేధించుట సమానత్వమునకు విరుద్ధమని మద్రాసు హైకోర్టు 2000లోను, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2002లోను తీర్పు చెప్పినవి. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. దాని ననుసరించి స్త్రీలు అన్ని విధములైన పనులలోను ఉండవచ్చును. తమ సమ్మతి మీద, తగిన రక్షణ ఏర్పాట్లతో రాత్రిపూటయు పనిచేయవచ్చును.

ఇంతవరకు తలుపు సంగతి. ఇక పీట సంగతి చూతము.

హెన్రీ ఫోర్డు 1922లో ప్రకటించిన తన గ్రంథములో ఒక లెక్క చెప్పినాడు. తన మోటారు కర్మాగారములోని పనులను విడివిడిగ పరిశీలింపగా 7,882 రకములు తేలినవట. అందులో దేహదారుఢ్యము నిండుగ గల పురుషులే చేయవలసినవి 949 మాత్రమే. రెండు కాళ్ళును లేనివారు చేయదగినవి 670. ఒంటికాలివారు చేయదగినవి 2,637. ఒంటిచేతివారు చేయదగినవి 715. చూపు లేనివారు చేయదగినవి 10. రెండు చేతులును లేనివారు చేయదగినవి సైతము 2. నూరేండ్లు దాటిన ఈ లెక్క నేటికిని ఆలోచింపదగినది. ఈ మనిషి ఏమి చేయలేడు అని అడుగుట మనకు అలవాటు. ఈ పనికి నిజముగ ఏ అవయవము, ఎంత బలము కావలెను అని ఆయన అడిగినాడు. ప్రశ్న మారగానే వేలకొలది పనులు కొత్తవారికి అందుబాటులోనికి వచ్చినవి.

అయితే ఆ సంస్థయే మరియొక పాఠమును గూడ నేర్పినది. తక్కిన మోటారు సంస్థలకంటె ఎక్కువమంది నల్లజాతివారిని ఫోర్డు పనిలోనికి తీసికొన్నాడు. కాని రూజ్ నది యొడ్డున కట్టిన మహాకర్మాగారములో వారిలో పెక్కుమందికి లభించినది కరిగిన ఇనుమును అచ్చులలో పోయు ఫౌండ్రీ పనియే. ఆ వేడిలో, ఆ పొగలో వారు ఏండ్లు గడపిరి. తలలు లెక్కించినచో ఆ సంస్థ మెచ్చుకొనదగినదే. ఆ తలలు ఎక్కడ ఉన్నవని చూచినచో మెప్పు తగ్గును.

జపానులోని క్యూషూ ద్వీపమున బెప్పు అను పట్టణము కలదు. 1964లో టోక్యోలో జరిగిన వికలాంగుల క్రీడలలో జపాను జట్టును నడిపిన యుటాకా నకామురా అను వైద్యుడు, విదేశములనుండి వచ్చిన క్రీడాకారులు ఉద్యోగములు చేసికొని బ్రదుకుచుండుటయు, తన దేశమువారు ఆసుపత్రులలోను, ఆశ్రమములలోను మిగులుటయు చూచి నొచ్చుకొనెను. మరుసటి ఏడు ఆయన బెప్పులో సూర్యగృహము అను అర్థము వచ్చు పేరుతో ఒక సంస్థను స్థాపించెను. వికలాంగులకు కావలసినది దయ గాక అవకాశమనుట దాని సూత్రము. 1972లో ఓమ్రాన్ అను విద్యుత్పరికరముల సంస్థ దానితో చేయి కలిపి అచ్చట ఒక కర్మాగారమును నెలకొల్పినది. చక్రాల కుర్చీలో కూర్చుండువారికి అందు ఎత్తున బల్లలు, ఒంటిచేత పనిచేయువారికి వస్తువును కదలకుండ పట్టియుంచు సాధనములు, ఎవరి శక్తికి తగినట్లు వారికి పనిముట్లు, ఈ విధముగ పని అక్కడ మనిషికి ఒదిగినది. అక్కడివారు ముష్టి ఎత్తినవారు కారు. జీతము తీసికొని పన్ను కట్టినవారు.

ఇది వికలాంగుల కొరకు ప్రత్యేకముగ కట్టిన చోటు గదా, మామూలు కర్మాగారములో సాధ్యమా అని సందేహము కలుగవచ్చును. జర్మనీలోని డింగాల్ఫింగ్ పట్టణమున బి.ఎం.డబ్ల్యు. మోటారుకార్ల కర్మాగారము కలదు. కార్మికుల వయస్సు ఏటేట పెరుగుచుండుట చూచి, 2007లో ఆ సంస్థవారు ఒక ప్రయత్నము చేసిరి. కార్ల వెనుక ఇరుసునకు కావలసిన గేరుపెట్టెలు కూర్చు ఒక వరుసలో 42 మందిని, సగటు వయస్సు 47 ఏండ్లు వచ్చునట్లు నియమించిరి. పదేండ్ల పిమ్మట కర్మాగారమంతయు ఇట్లుండునని వారి అంచనా. మొదట ఆ వరుసలోనికి పోవుటకు ఎవరును ఇష్టపడలేదు. దానిని పింఛనుదారుల వరుస అని తోటివారు ఎగతాళి చేసిరి.

యాజమాన్యమువారు అచ్చటి పనివారినే పిలిచి, మీకు ఎక్కడ నొప్పి కలుగుచున్నది, ఏమి చేసినచో తగ్గును అని అడిగిరి. సమాధానములు చిన్నచిన్నవిగనే వచ్చినవి. సిమెంటు నేల మోకాళ్ళను పీడించుచున్నది గనుక చెక్క పరచిరి. పని మధ్య కాసేపు కూర్చుండుటకు క్షౌరశాలలోని వంటి ఆసనములు వేసిరి. సన్నని భాగములు చూచుటకు భూతద్దములు అమర్చిరి. బల్లల ఎత్తును ఎవరికి తగినట్లు వారు మార్చుకొనునట్లు చేసిరి. కంప్యూటరు తెరల మీద అక్షరములు పెద్దవి చేసిరి. ఈ విధముగ 70 మార్పులు జరిగినవి. అన్నిటికి కలిపి అయిన ఖర్చు సుమారు 40,000 యూరోలు. ఒక ఏడాదిలో ఆ వరుస ఉత్పాదకత నూటికి 7 వంతులు పెరిగినది. సెలవులు పెట్టువారి సంఖ్య మునుపటికంటె బాగుగ తగ్గినది. పెద్దవయస్సువారి కొరకు వేసిన చెక్కనేల మీద యువకుని మోకాలికిని సుఖమే గదా!

ఈ దృష్టితో మన చుట్టును చూతము. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురములో దుస్తులు కుట్టు కర్మాగారములలోను, తిరుపతి జిల్లా శ్రీసిటీలో సెల్‌ఫోన్లు కూర్చు కర్మాగారములలోను పనివారిలో అధికసంఖ్యాకులు స్త్రీలే. తెల్లవారకముందే ఊరి మొగలో కర్మాగారపు బస్సు కొరకు నిలుచు ఆడపిల్లలను చూచినప్పుడు, వారి తల్లుల కాలమున ఊహింపజాలని ఈ మార్పునకు ఎవరికైనను సంతోషము కలుగును. తలుపు తెరచుకొన్నది, నిజమే. మరి పీట మాట ఏమి?

మా కేంద్రమునుండి ధ్వనిముద్రణ కొరకు మేము కర్మాగారములకు పోవుచుందుము. మాకు మొదట చూపునది సామాన్యముగ ద్వారముకడ గోడ మీద చిరునవ్వులు చిందించు అన్ని రకముల ముఖముల చిత్రము. మేము దానిని చూచి, పిదప కొన్ని ప్రశ్నలు వేయుట అలవాటు చేసికొంటిమి. పనిచోటునుండి మరుగుదొడ్డి ఎంత దూరము? వెళ్ళివచ్చుటకు ఎంత సేపు ఇచ్చెదరు? ఒకచోట ఒక యువతి, తన బదులు నిలుచు మనిషి వచ్చువరకు వరుస వదలి కదలరాదనియు, అందుచేత పనివేళలో మంచినీళ్ళు త్రాగుట మానివేసితిననియు మాతో మెల్లగ చెప్పినది. ఆ సంస్థ గోడ మీది చిత్రము మిక్కిలి అందముగ ఉన్నది.

చేతితొడుగులు, భద్రపు బూట్లు స్త్రీల చేతికి, పాదమునకు సరిపడు కొలతలలో ఉన్నవా? వదులు తొడుగు యంత్రములో చిక్కుకొన్నచో రక్షణ సాధనమే ప్రమాదకారణమగును. ప్రమాదసూచనలు ఏ భాషలో వ్రాసియున్నవి? ఒడిషానుండియు, బీహారునుండియు వచ్చిన కార్మికుడు తెలుగు హెచ్చరికను ఎట్లు చదువును? సైరను మ్రోగినప్పుడు వినికిడి లేనివానికి తెలియునట్లు దీపము వెలుగునా? నూరుమంది స్త్రీలున్న వరుసకు సూపర్వైజరు ఎవరు? పది మంది పనిచేయు ప్రతిచోటను లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినుటకు సంఘముండవలెనని 2013నాటి చట్టము చెప్పుచున్నది. ఆ సంఘములోని సభ్యులెవరో పనిపిల్లలకు తెలియునా?

ఇక అన్నిటికంటె కష్టమైన ప్రశ్న ఒకటి కలదు. నివేదికలో లెక్కింపబడినవారు ఎవరు? ఒకే కప్పు క్రింద, ఒకే పని చేయుచు, కొందరు సంస్థ జీతగాండ్రుగను, కొందరు కాంట్రాక్టరు మనుష్యులుగను ఉందురు. నేల తుడుచువారు, బరువులు మోయువారు తరచుగ రెండవ తెగవారే. అందరిని కలుపుకొనిపోవుచున్నామను సంస్థ వారిని కలుపుకొనలేదేని, ఆ మాట సగమే నిజము. బొంబాయి మిల్లులో నేతశాఖ తలుపు ఎవరికి మూసిరో, నేటి కర్మాగారములో చీపురు ఎవరి చేతికి వచ్చినదో పోల్చిచూచినచో, చరిత్ర ఎంత కదలినదో తెలియును.

ఇట్టి ప్రయత్నములవలన నైపుణ్యము తగ్గునని కొందరు శంకింతురు. డింగాల్ఫింగ్ అనుభవము అందుకు సమాధానము చెప్పుచున్నది. లాభము పెరుగును గనుకనే చేయవలెనని మరికొందరు అందురు. ఈ రెండవ వాదముతో జాగ్రత్తగ ఉండవలెను. లాభము కొరకే పీట వేసినవాడు లాభము తగ్గిననాడు, గాలి మారిననాడు పీట తీయును. అమెరికాలో 2024లో ట్రాక్టర్లు చేయు జాన్ డీర్, మోటారు సైకిళ్ళు చేయు హార్లీ డేవిడ్‌సన్, కార్లు చేయు ఫోర్డు వంటి సంస్థలు విమర్శలు రాగానే ఇట్టి కార్యక్రమములలో కొన్నిటిని ఉపసంహరించుకొన్నవి. 2025 జనవరిలో ఆ దేశపు ప్రభుత్వమే తన శాఖలలో వానిని రద్దు చేసినది. ఉత్సవములు, ఉపన్యాసములు, ప్రకటనలు ఒక ఉత్తరముతో ఆగిపోవును. పనివారి మోకాళ్ళకు అనువుగ పరచిన చెక్కనేలను పెకలించుట అంత సులభము కాదు. తనకు నప్పు ఎత్తునకు దించిన బల్లను మరల పైకెత్తుటకు దాని వద్ద పనిచేయువాడు ఒప్పుకొనడు. కనుక మాటలలోకంటె బల్లలలోను, మెట్లలోను, మరుగుదొడ్లలోను, జీతపు పట్టీలలోను చేసిన మార్పు నిలుచును. మన దేశమున 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము, వారికి అవసరమైన తగు మార్పులు చేయుటను దయాధర్మముగ గాక హక్కుగ గుర్తించినది. అది మనకొక అండ.

చివరకు మన ఇండ్ల సంగతి. కర్మాగారము ఎంత మారినను ఇల్లు మారనిచో ప్రయోజనము సగమే. రాత్రి షిఫ్టు ముగించుకొని ఉదయము ఇల్లు చేరిన కోడలికి వంటపని ఎదురుగ నిలిచియున్నచో, ఆమె సమ్మతి పత్రము మీద పెట్టిన సంతకమునకు విలువ ఏమి? ఆడపిల్ల రాత్రిపూట పనికి పోయినదని వీథిలోనివారు గుసగుసలాడినప్పుడు, ఇంటి పెద్ద ఏమి బదులు చెప్పును? వికలాంగుడైన కుమారుని ఎవరు తీసికొందురులే అని మనమే ముందుగ తలుపు మూసినచో, తక్కినవారిని ఏమనగలము?

మా మనవి ఒక్కటే. మీ ఇంట కర్మాగారమునకు పోవువారుండినచో, జీతమెంత వచ్చినదని అడుగుటతో తృప్తిపడకుడు. కూర్చుండుటకు చోటున్నదా, నీళ్ళు త్రాగుచున్నావా, కష్టము చెప్పుకొనుటకు మనిషియున్నాడా అనియు అడుగుడు. డింగాల్ఫింగ్ యాజమాన్యము అడిగిన ప్రశ్నలును ఇట్టివే. ఇంటిలో ఎవరును అడుగని ప్రశ్నను పనిచోట అడుగుటకు పిల్లలకు నోరు రాదు. ఇంట అలవాటైన నోరు రేపు సంఘములోను, సభలోను, యాజమాన్యము యెదుటను ధైర్యముగ పలుకును.